నమూనా రైలుమార్గము: నంది హాల్టు

“పిల్లవాడు బొమ్మ రైలు కావలెనని మారాము చేయుచున్నాడు, కొని యిచ్చినచో చదువు చెడునా?” అని తల్లిదండ్రులు కొందరు నన్నడుగుచుందురు. దీనికి ఒక్కమాటలో ప్రత్యుత్తరమిచ్చుట కష్టము. పెట్టె విప్పి, గుండ్రని పట్టాలను నేలపై పరచి, మీట నొక్కి, రైలు తిరుగుచుండగా చూచు పిల్లవాని ఉత్సాహము వారము దినములకు మించి నిలువదు. పిమ్మట ఆ రైలు అటక యెక్కును. అట్టి దానికై డబ్బు వెచ్చింపుడని నేను చెప్పజాలను. కాని ఆ రైలు నడచుటకొక నేలను, ఆ నేలపై కొండను, చెట్టును, స్టేషనును తన చేతులతో నిర్మింప బూనినచో సంగతి వేరు. రైలును అంగడిలో కొనవచ్చును. నేలను మాత్రము చేసికొనవలసినదే. ఈ రెండవ పనికే నమూనా రైలుమార్గ నిర్మాణమని పేరు.

ఈ వ్యాసంగము ఐరోపాలో పుట్టినది. 1891లో జర్మనీ దేశపు మార్క్లిన్ కంపెనీ లైప్‌జిగ్ సంతలో తాళపుచెవితో నడచు రైలును పట్టాలతో సహా ప్రదర్శించి, పట్టాల వెడల్పులకు నిర్ణీతమైన కొలతలను ఏర్పరచెను. 1920లో ఇంగ్లండున ఫ్రాంక్ హార్న్‌బీ రైళ్లు వెలువడినవి. మన దేశమున దీనిని చూడగోరువారు పూణె నగరమునకు పోవలెను. అచ్చట భావూసాహెబ్ జోషీగారు నెలకొల్పిన చిన్న రైళ్ల ప్రదర్శనశాల 1998 నుండి ప్రజలకు తెరచి యున్నది. పెద్దవారు సైతము అచ్చట పిల్లలవలె నిలిచి చూతురు.

అంగడిలో దొరకు సామగ్రి విషయమున నాకొక ఫిర్యాదు కలదు. అందలి చెట్లు మంచుదేశపు దేవదారువులు. ఇండ్లు ఆల్ప్స్ కొండలలోనివి. స్టేషనుపై పేరు జర్మను భాషలో నుండును. బెంగళూరు పిల్లవాడు తానెన్నడును చూడని దేశమును బల్లపై పరచి, అదియే రైలుమార్గమని నమ్ముచున్నాడు. అందుచే మా పాఠశాల విజ్ఞానశాలలో ఈ సంవత్సరము పని మొదలిడునప్పుడు, మనకు నలుబది మైళ్ల లోపున నుండి, పిల్లలు స్వయముగా పోయి కొలిచి రాదగిన చోటు కావలెనని నిశ్చయించితిమి. అట్లు కుదిరినది నంది హాల్టు.

యలహంక నుండి దేవనహళ్ళి మీదుగా చిక్కబళ్ళాపురము పోవు దారిలో, నంది కొండ ఛాయలో నున్న చిన్న స్టేషనిది. ఈ మార్గము 1915 నాటిది. అప్పుడు మైసూరు దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. 1912 నుండి 1918 వరకు వారా పదవిలో నుండిరి. వారి జన్మస్థలమైన ముద్దేనహళ్ళి ఈ కొండకు దాపుననే కలదు. వారి పూర్వులు ఆంధ్రదేశమందలి మోక్షగుండమునుండి తరలివచ్చిన తెలుగువారని మన పిల్లలలో అనేకులకు తెలియదు. బల్లపై కొండ కట్టుచుండగా తెలిసికొనిరి. ఆ దినములలో అచ్చట నడచినది నారోగేజి బండి. పట్టాల నడుమ రెండున్నర అడుగులే, అనగా 762 మిల్లీమీటర్లే ఎడము. కోలారు, చిక్కబళ్ళాపురము ప్రాంతములలోని ఈ సన్నని మార్గము క్రమక్రమముగా బ్రాడ్‌గేజికి మారినది. కోలారు, చిక్కబళ్ళాపురముల నడిమి భాగము 2013లో మారుటతో ఆ పని ముగిసినది. దొడ్డజాల, దేవనహళ్ళి, అవతి, నంది హాల్టు అను పాత స్టేషను కట్టడములను కాపాడుటకు ఇటీవలి సంవత్సరములలో ఇన్‌టాక్ సంస్థ పూనుకొన్నది. కట్టడము మిగిలినది గాని, ఆ చిన్న బండి మరల రాదు. బల్లపైననే రావలెను.

ఇక లెక్క. నమూనాలో సర్వమును శాసించునది నిష్పత్తి. మేము గైకొన్నది హెచ్‌ఓ అనబడు కొలత. అనగా అసలు వస్తువులో 87వ వంతు. దీని ప్రకారము ఐదున్నర అడుగుల మనుష్యుడు రెండు సెంటీమీటర్లకు ఇంచుక తక్కువగా నుండును. పండ్రెండు మీటర్ల చెట్టు దాదాపు పదునాలుగు సెంటీమీటర్లు. పిల్లలందరును చెట్లను చిన్నవిగా చేయుదురు. స్టేషను కప్పును మించి చెట్టుండుట వారికి వింతగా తోచును. వీధిలోనికి తీసికొనిపోయి చూపినగాని నమ్మరు. అంతవరకు వారు చెట్టును చూచుచుండిరే గాని, ఇంటితో పోల్చి చూడలేదు.

బ్రాడ్‌గేజి మార్గమును ఇదే కొలతలో చేయబూనినచో ఒక చిక్కు కలదు. 1676 మిల్లీమీటర్లను 87చే భాగించిన 19 మిల్లీమీటర్ల పైచిలుకు వచ్చును. అంగడిలో దొరకు పట్టా 16.5 మిల్లీమీటర్లది. అది ఐరోపా గేజికి సరిపడునుగాని మన గేజికి కాదు. మరి మన నారోగేజిని భాగించి చూడుడు: 762ను 87చే భాగించిన 8.76. అంగడిలో 9 మిల్లీమీటర్ల పట్టా సులభముగా దొరకును! కాలు మిల్లీమీటరు భేదము కంటికి ఆనదు. పట్టాకు సరిపడినది విడిచి పెట్టిన చిన్న మార్గమే గాని, బెంగళూరు సిటీ స్టేషనులోని పెద్ద మార్గము కాదు. ఈ లెక్కను తేల్చినది ఎనిమిదవ తరగతి పిల్లలు. వారిలో నిష్పత్తి పాఠమున వెనుకబడిన వారును కలరు.

చిన్న స్టేషను నెంచుకొనుటకు స్థలము మరియొక కారణము. బ్రాడ్‌గేజి పెట్టె యొక్కటి 21 మీటర్లకు పైబడి యుండును. నమూనాలో పావు మీటరు. ఇరువదినాలుగు పెట్టెల రైలు నిలువవలెనన్న ఆరు మీటర్ల ప్లాట్‌ఫారము కావలెను. మన ఇండ్లలో అంత గోడ యెక్కడిది? నారోగేజి బండి తొమ్మిది అంగుళముల వ్యాసార్ధముగల మలుపులో తిరుగగలదు గనుక నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల ప్లైవుడ్ బల్ల చాలును. మంచము క్రిందికి త్రోయవచ్చును. గోడకు నిలువుగా ఆనించవచ్చును. పిల్లలు మొదట వంతెన కావలెననిరి. బండి తన మార్గముపైనుండి తానే దాటవలెనట. నలుబదికొకటి వాలున ఐదు సెంటీమీటర్లు ఎక్కుటకు రెండు మీటర్లు, దిగుటకు మరి రెండు మీటర్లు కావలెను. బల్లపై మార్గపు మొత్తము పొడవు మూడు మీటర్లకు తక్కువ. కాగితముపై వారే గుణించుకొని వంతెన మాట మానిరి. నేను వలదని చెప్పి యుండినచో కలత మిగిలెడిది.

నంది కొండ సంగతి ఇంకను తమాషా. దాని శిఖరము సముద్రమట్టమునకు 1478 మీటర్ల ఎత్తున నున్నది. చుట్టునున్న నేల కూడ ఎత్తైనదే గనుక ఆ నేలపై కొండ ఎత్తును 500 మీటర్లనియే తీసికొన్నను నమూనాలో ఐదుముప్పావు మీటర్లగును, రెండంతస్తుల మేడయంత! కావున కొండ పాదమును మాత్రము బల్లపై కట్టి, పై భాగమును వెనుక నిలిపిన పలకపై చిత్రించితిమి. దూరపు కొండ ముదురు రంగున నుండదు. లేత నీలి బూడిద రంగున నుండును. ఆకాశము నడినెత్తిన ముదురుగా, నేల నంటుచోట వెలవెలబోయి యుండును. ఈ పలకకు రంగులు వేసినవారు ఆరవ తరగతి బాలికలు. వారు మూడు ఉదయములు మేడపైకెక్కి ఆకాశమును చూచి వచ్చి మరీ వేసిరి. బాలురకు రైలు, బాలికలకు కుట్టుపని యను విభజనను ఇంటిలోనైనను పాటింపవలదని నా మనవి.

నేల నిర్మాణమునకు ఖరీదైన వస్తువు లేవియు నక్కరలేదు. అట్టముక్కలను బద్దలుగా కోసి జల్లెడవలె అల్లి, వార్తాపత్రిక కాగితమును మైదా జిగురులో తడిపి దానిపై మూడు నాలుగు పొరలు వేసిన కొండ యేర్పడును. ఆరిన పిదప ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పల్చగా పూయవలెను. ఈ ప్రాంతపు బండలు గుండ్రని నున్నని గ్రానైటు గుండ్లు. కత్తితో కోసినట్లు పదునుగా చేసినచో ఇవి ఈ దేశపు బండలు కావు. మట్టి కొనవద్దు. పెరటి ఎఱ్ఱమట్టిని ఎండబెట్టి, తేనీటి వడపోత జల్లెడతో జల్లించి వాడుడు. ముందుగా దానిలో అయస్కాంతమును రెండు మూడు మారులు త్రిప్పి ఇనుపరజను తీసివేయవలెను. లేనిచో యంత్రపు మోటారులోని అయస్కాంతము దానిని లోనికి లాగికొనును. ఫెవికాలు ఒక పాలు, నీరు మూడు పాళ్లు కలిపి చుక్కచుక్కగా వేసినచో మట్టి అంటుకొనును. ఆ నీరు మట్టిలో ఇంకక ముత్యములవలె పైననే నిలుచుట పిల్లలు గమనింతురు. అంట్లు తోము సబ్బుద్రవము ఒక చుక్క కలిపి చూపుడు, వెంటనే ఇంకిపోవును. తలతన్యత యను మాటను భౌతికశాస్త్ర పుస్తకమున చదువుటకు పూర్వమే దానిని కన్నులార చూచిన పిల్లవానికి ఆ పాఠము మరల చెప్పనక్కరలేదు.

పట్టాల నడుమ పరచు కంకర అసలున అంగుళమున్నర రాయి యైనచో, నమూనాలో అర మిల్లీమీటరు. సరిగా బొంబాయి రవ్వయంత. అయినను రవ్వ వాడరాదు. చీమలు రైలుమార్గమును రెండు దినములలో ఖాళీ చేయును! రాతిపొడిని జల్లించి వాడవలెను. ఎండిన బీరపీచును చీల్చి, పుల్లకు చుట్టి, పచ్చరంగు పట్టించిన రంపపుపొట్టు చల్లినచో ఏ కంపెనీ చెట్టునకును తీసిపోని చెట్టగును. పొలముల గట్ల వెంబడి పాతిన రాతి కూసములు ఈ సీమకు ప్రత్యేక లక్షణము. వాటిని అగ్గిపుల్లలతో చేసి బూడిద రంగు పూసితిమి. ద్రాక్షపందిరి మాత్రము మాకు రెండు వారములు పట్టినది.

విద్యుత్తు విషయమున పెద్దల పర్యవేక్షణ తప్పదు. పట్టాలకు వచ్చునది 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. చేతికి తగిలినను భయము లేదు. కాని గోడలోని 230 వోల్టులను 12కు దించు పెట్టెను పిల్లలు విప్పరాదు, ఇంట తయారుచేయరాదు, కంపెనీదే కొనవలెను. రెండు తీగెలను తారుమారు చేసిన బండి వెనుకకు నడచును. బండి పోయిన మార్గముననే తిరిగివచ్చునట్లు పట్టాను మెలిక త్రిప్పి కలిపినచో ఎడమ పట్టా కుడి పట్టాను తాకి సర్క్యూటు దెబ్బతినును. ఎందుకట్లగునో పిల్లలనే పెన్సిలుతో గీసి కనుగొననిండు; తొందరపడి చెప్పకుడు. మైసూరు నారోగేజి యంత్రపు నమూనా అంగడిలో దొరకదు. 9 మిల్లీమీటర్ల యంత్రపు అడుగుభాగమును మాత్రము వాడి, పై తొడుగును అట్టతో చేయుచున్నాము. దీనికై పిల్లలు మైసూరులో 1979లో వెలసిన రైలు మ్యూజియమునకు పోయి ఆవిరి యంత్రములను చూచి బొమ్మలు గీసికొని వచ్చిరి. కొనవలసినది ఇంతే: పట్టా, విద్యుత్ పెట్టె, అడుగుభాగము. వీనిని సైతము చివరనే కొనుడు. కొండ, స్టేషను పూర్తియగు వరకు ఓపిక పట్టలేని పిల్లవానికి రైలు కొని ప్రయోజనము లేదు.

ఏ సంవత్సరపు స్టేషనును నిర్మింతుమో ముందుగా నిశ్చయించుకొనుట అత్యవసరము. కర్ర స్లీపర్లా, సిమెంటు స్లీపర్లా? దీపము చమురుదా, విద్యుత్తుదా? బోర్డుపై ఏయే భాషలు? ఒక్క సంవత్సరము నెంచుకొన్నగాని వీనికి జవాబుండదు. మేము ఆవిరి బండి కాలమునే యెంచుకొంటిమి. ఋతువు కూడ నిశ్చయించితిమి: సంక్రాంతి దాటిన కోతల వేళ, రాగి మోళ్లు మిగిలిన పొలము. ఇక్కడ పుస్తకములు చాలలేదు. ఆ బండిలో సంతకును, పెండ్లికిని పోయినవారి మాటయే ప్రమాణము. వారు మన ఇండ్లలోనే కలరు. ఇంటిలో అవ్వ తెలుగున పలుకరించినచో కన్నడముననో ఆంగ్లముననో బదులిచ్చి తప్పుకొను పిల్లలు, కాగితము పెన్సిలు పట్టుకొని ఆమె ముందు కూర్చుండి, “నీళ్లకుండ ఏ వైపున నుండెను? ప్లాట్‌ఫారము ఎత్తుగా నుండెనా, నేలమట్టమా?” అని తెలుగున అడిగి వ్రాసికొని వచ్చిరి. ఇద్దరు పెద్దల సాక్ష్యము ఒకరిది ఒకరికి సరిపడలేదు. దానిపై తరగతిలో ఒక పూట వాదము జరిగినది. ఆ వాదము నాకు వార్షిక పరీక్షలోని అనేక వ్యాసములకన్న మేలుగా తోచినది.

ప్రస్తుతము బల్లపై పట్టా వేయుట ముగిసినది. స్టేషను గోడలు లేచినవి. పెంకుటికప్పునకు పెంకులు ఒక్కొక్కటిగా కోయుచున్నారు. స్టేషను వెనుక నాలుగంగుళముల స్థలము ఖాళీగా నున్నది. అచ్చట టీ దుకాణముండెడిదని ఒకరు, చింతచెట్టు క్రింద బండ్లు విప్పెడివారని మరియొకరు చెప్పిరి. నారోగేజి కాలమున ఆ స్టేషనులో దిగిన పెద్దలు మీ ఇంట నుండినచో, ఏ శనివారమైనను మధ్యాహ్నము మూడు గంటలకు విజ్ఞానశాలకు తోడ్కొని రాగోరుచున్నాము. మెట్లెక్కలేని వారికి బల్లను క్రిందికి దింపించెదము.