పెద్దమ్మ గుడికి తీసుకెళ్లే ముందు



అల్లుడుగారు ఏడు సీట్ల ఎస్‌యూవీ చూస్తున్నారనీ, తెలుపా నలుపా అన్న పంచాయితీ ఇంకా తెగలేదనీ అక్క ఫోన్లో చెప్పింది. షోరూమ్ కుర్రాడు సన్‌రూఫ్ తెరవగానే పిల్లలిద్దరూ తలలు బయటపెట్టి కేకలు వేశారట. ఆ ముచ్చటే మామయ్య చేత ఈ ఉత్తరం రాయిస్తోంది.

ముప్పై ఏళ్లు ఫిల్మ్‌నగర్‌లో సినిమా కంపెనీల కార్లు పురమాయించిన మనిషి మామయ్య. ఓసారి ఒక కొత్త బండిలో వెనక బెల్టు క్లిప్పు ఎక్కడుందా అని వెతికితే, సీటు కవరు కింద వేలు దూర్చి లాగాల్సి వచ్చింది. దాంతోపాటు రెండు పల్లీ తొక్కలు, ఒక హెయిర్‌పిన్ను బయటికొచ్చాయి. డ్రైవరు నవ్వాడు: “వెనకాల ఎవరు పెట్టుకుంటారు సార్?”

ముందు సీట్లో మాత్రం అందరూ పెట్టుకుంటున్నారా? 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున నందమూరి హరికృష్ణ ఫార్చ్యూనర్ స్వయంగా నడుపుకుంటూ నెల్లూరు వైపు ఒక పెళ్లికి బయల్దేరారు. నల్గొండ దగ్గర అన్నెపర్తి వద్ద బండి అదుపు తప్పి బోల్తా కొట్టింది. ఆయన బయటికి విసిరేసినట్టు పడి ప్రాణాలు కోల్పోయారు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. తండ్రి ఎన్టీఆర్ ఎన్నికల ప్రచారంలో చైతన్య రథాన్ని రాష్ట్రమంతా తిప్పిన చేతులవి, స్టీరింగ్ తెలియక కాదు. 2014 డిసెంబరులో ఆయన పెద్దకొడుకు జానకిరామ్ పోయిందీ అప్పటి నల్గొండ జిల్లా రోడ్డు మీదే. అందుకే ఆ ఇంటి హీరోల సినిమాల మొదట్లో జాగ్రత్తగా నడపమని విన్నపం కనిపిస్తుంది.

ఎత్తుగా ఉండే బండికి బోల్తా భయం కాస్త ఎక్కువే. కాబట్టి అల్లుడు మొదట అడగాల్సింది ఈఎస్‌సీ గురించి. మలుపులో బండి జారబోతుంటే ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి దారిలో పెట్టే ఏర్పాటు అది. షోరూమ్‌లో చూపించడానికి అందులో ఏమీ ఉండదు, అందుకే కుర్రాడు దాని ఊసెత్తడు.

ఎయిర్‌బ్యాగులు ఆరున్నాయా అని అడగడం మంచిదే, కానీ అక్కడితో ఆగకూడదు. మన పెనుకొండలో తయారయ్యే కియా క్యారెన్స్‌లో అన్ని రకాల్లోనూ ఆరు బ్యాగులున్నా, 2022లో కార్లను గుద్దించి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ ఇచ్చింది మూడు నక్షత్రాలే. గుద్దుకున్నప్పుడు బండి గూడు ఎంత గట్టిగా నిలబడిందన్నదీ లెక్కలోకి వస్తుంది మరి. 2023 అక్టోబరు నుంచి మన దేశానికే భారత్ ఎన్‌క్యాప్ ఉంది. ఆ డిసెంబరులో అందులో మొట్టమొదట అయిదు నక్షత్రాలు తెచ్చుకున్నవి టాటా హారియర్, సఫారీ. కొనబోయే మోడలుకు ఏమొచ్చిందో చూసుకోవడానికి పది నిమిషాలు చాలు.

బెల్టు లేనివాడికి ఎయిర్‌బ్యాగే దెబ్బ. కన్ను మూసి తెరిచేలోగా అది ఉబ్బి ఎదురొస్తుంది. 2019 జూలై నుంచి కొత్త కార్లలో ముందు సీటు బెల్టు గుర్తుచేసే చప్పుడూ, 80 దాటితే హెచ్చరికా తప్పనిసరి చేశారు. ఆ చప్పుడు నోరు మూయించడానికి ఉత్త క్లిప్పు కొని గుచ్చేవాళ్లున్నారు! అల్లుడు ఆ బాపతు కాదని మామయ్య నమ్మకం.

చిన్నదానికి ఒళ్లో కూర్చోబెట్టుకునే ప్రేమ పనికిరాదు. వెనక సీట్లో ఐసోఫిక్స్ కొక్కేలుంటాయి, పిల్లల సీటు వాటికి టక్కున తగులుకుంటుంది.

ఇక హంగుల సంగతి. జూబ్లీహిల్స్ అంతా రాతిగుట్టల మీద వెలిసిందే, ఎత్తులో ఆగి కదిలేటప్పుడు బండి వెనక్కి జారకుండా పట్టే హిల్‌హోల్డ్ ఇక్కడ రోజూ పనికొస్తుంది. చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర, బ్రేకు తొక్కిపట్టే పని లేకుండా బండిని ఆపి ఉంచే ఆటోహోల్డ్ ఉంటే కాలికి సుఖం. అపార్ట్‌మెంటు సెల్లారులో నాలుగు వైపులా చూపే కెమెరా ఉండాల్సిందే. ఎత్తయిన బానెట్ ముందు రెండేళ్ల పిల్ల నిలబడితే డ్రైవరుకు కనిపించదు. దానంతటదే బ్రేకు వేసే ఏడాస్ మాత్రం 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు మీద చక్కగా పనిచేస్తుంది. బైకులు అడ్డదిడ్డంగా దూరే మన వీధుల్లో బీప్ బీప్ అంటూ విసిగిస్తుంది.

కొన్నాక పైపై సింగారాలొద్దు. బిగుతైన సీటు కవర్లు సీటు పక్కనుంచి తెరుచుకునే బ్యాగును అడ్డుకుంటాయి. ముందు ఇనుప గార్డు దెబ్బను సెన్సర్లకు సరిగా చేరనివ్వదు, 2017 చివర్లోనే కేంద్రం వాటిని వద్దంది. నల్ల ఫిల్ము సుప్రీంకోర్టు 2012లోనే కాదన్నది. పదేళ్ల తర్వాత కూడా జూబ్లీహిల్స్‌లో పోలీసులు హీరోల కార్లనాపి ఫిల్ము పీకించి చలానా రాశారు.

ఆదివారం టెస్ట్ డ్రైవుకు మామయ్యా వస్తాడు. మూడో వరసలో కూర్చునేది ఆయనే, మోకాళ్లు ఎక్కడ తగులుతాయో, అక్కడి బెల్టు ఎలా బిగుస్తుందో చూడాలిగా. డబ్బు కట్టాక పెద్దమ్మ గుడి దగ్గర టైర్ల కింద పెట్టే నిమ్మకాయలు అక్క తెస్తానంది.

మామయ్య
ఫిల్మ్‌నగర్