ఇషీ కట్టిన ఈకలు

వీరులు పుంఖానుపుంఖముగా బాణములను వేసిరని పురాణకథలలో తఱచుగా వచ్చును. పుంఖమనగా బాణపు తోక. దానినే తెలుగున పింజ యందురు. ఒక బాణపు పింజను మఱియొక బాణము వెన్నంటి పోవునట్లు ఎడతెగక వేయుటయే ఆ మాటకు అర్థము. బాణమనగానే ఎల్లరకును ములికి తలపునకు వచ్చును. కాని ములికి యెంత వాడియైనను, పింజకు ఈకలు లేనిచో బాణము గాలిలో అడ్డము తిరిగి యెచ్చటనో పడును. ఈకలకు గాలి తగులుటచే తోక వెనుకకు లాగబడును. అందుచే ములికి యెప్పుడును ముందే యుండును.

ఈకలను సిద్ధపఱచుట పిల్లల పనివలె తోచవచ్చును. అందెంత నేర్పు కలదో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఒక్క మనిషి చేతులను చూచి పండితులు తెలిసికొనిరి.

అతడు యాహీ యను తెగవాడు. 1849 ప్రాంతమున బంగారము కొఱకు వేలకొలది జనులు కాలిఫోర్నియాకు వచ్చిపడిరి. తరువాతి రెండు దశాబ్దములలో యాహీలు పెక్కుమంది కాల్చి చంపబడిరి. మిగిలిన కొలదిమంది డీర్ క్రీక్ అను వాగు లోయలో, పరుల కంటబడక, సుమారు నలుబది యేండ్లు దాగియుండిరి. 1908లో భూమిని కొలువ వచ్చినవారు వారి గుడిసెలను కనుగొని, అందున్న విండ్లు, బాణములు, బుట్టలు, కప్పుకొను తోళ్లు పట్టుకొని పోయిరి. విల్లంబులు పోయినచో వేట లేదు. వేట లేనిచో తిండి లేదు. అతని ముసలితల్లి కొలదికాలమునకే గతించెను. అతడొక్కడే మిగిలెను. 1911 ఆగస్టు 29వ తేదీన ఓరోవిల్ పట్టణము చెంతనున్న కబేళా యొద్ద, చిక్కి శల్యమై, జనులకు కనబడెను. అతని భాష అచ్చట నెవ్వరికిని తెలియలేదు.

తన పేరు తాను చెప్పుట యాహీల ఆచారమునకు విరుద్ధము. కావున క్రోబర్ అను పండితుడు అతనిని ఇషీ యని పిలిచెను. వారి భాషలో ఇషీ యనగా మనిషి. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలయందు అతనికి బస కుదిరెను. ప్రక్కనే వైద్యశాల. అందలి శస్త్రవైద్యుడు సాక్స్‌టన్ పోప్ అతనికి చికిత్స చేయుచు, క్రమముగా విలువిద్యలో అతనికి శిష్యుడయ్యెను.

ఇషీ పనిచేయుచుండగా పోప్ ప్రక్కన కూర్చుండి ఒక్కొక్క మెట్టును గుర్తించి వ్రాసికొనెను. ఇషీ సాధారణముగా రెక్క ఈకలనే ఎంచెడివాడు. అడవిలో గ్రద్ద, డేగ ఈకలు దొరకెడివి. నగరమున టర్కీకోడి ఈకలతో సరిపెట్టుకొనెను. ఈకను రెండు అరచేతుల నడుమ బిగబట్టి, కొనయందలి పోచలను వ్రేళ్లతో విడదీసి, రెండు వైపులకును మెల్లగా లాగెడివాడు. నడుమనున్న కాడ కొననుండి మొదలుదాక నిలువునా చీలెడిది. చూచుటకిది సులభమే, క్రొత్తవాడు చేసినచో కాడ పెడగా చీలి ఈక చెడును.

ఈకకు ఒకవైపు పోచలు వెడల్పుగాను, రెండవవైపు సన్నముగాను ఉండును. దారిలో రాలిన కాకి రెక్క ఈకను తీసి చూచినను ఇది తెలియును. ఇషీ వెడల్పైన సగమునే గ్రహించెడివాడు. దాని ఒక కొనను కాలి బొటనవ్రేలితో రాతిపై అదిమి, రెండవ కొనను ఎడమచేతి వ్రేళ్లతో పట్టి, నల్లని గాజురాతి పెచ్చుతో కాడలోని బెండును గీకివేసెడివాడు. బెండు మిగిలినచో ఈక బాణపు కఱ్ఱను అంటి కూర్చుండదు. అతిగా గీకినచో పోచలకు పట్టు తప్పును. ఎంత గీకవలెనో వ్రేళ్లకే తెలియవలెను.

బాణమునకు మూడు ఈకలు కావలెను. ఆ మూడును ఒకే వైపు రెక్కవి కావలెను. కుడిరెక్క ఈక ఒకవైపునకును, ఎడమరెక్క ఈక మఱియొకవైపునకును వంపు తిరిగియుండును. ఒకే వంపు గలవైనచో బాణము ఒకే దిక్కున గిరగిర తిరుగుచు తిన్నగా పోవును. రెండును కలిసినచో ఒకదాని పనిని ఒకటి చెఱచును.

ఇట్లు మూడేసి ఈకలను దారముతో కట్టి ఇషీ నీటిలో వేసెడివాడు. అవి నానిన పిదప, జింక నరపు పోగును నోట వేసికొని నమలుచు ఈకలను ఒక్కొక్కటిగా సవరించెడివాడు. నమలిన నరము మెత్తబడి జిగురువలె అంటుకొనును, ఆరినచో బిగుసుకొనును. నరపు కొనను పండ్లతో పట్టి, బాణమును చేత త్రిప్పుచు, ముందుగా ఈకల ఒక కొనను, పిదప వానిని లాగి రెండవ కొనను చుట్టెడివాడు. ఎండిన తరువాత గాజురాతితో అంచులను తిన్నగా కోసెడివాడు. ఈకకు బదులు గట్టి రేకు నేదైన కట్టినచో అది వింటికి తగిలి బాణమును ప్రక్కకు త్రోయును. ఈక మాత్రము వింటిని రాచుకొనునప్పుడు అణగి, దాటగానే మఱల లేచును.

1914లో ఇషీ, పోప్, క్రోబర్ మొదలగువారు కలిసి డీర్ క్రీక్ లోయకు పోయిరి. తాను దాగిన చోటులను, వేటాడిన చోటులను ఇషీ వారికి చూపెను. రెండేండ్లు గడవకమునుపే అతనిని క్షయరోగము పట్టుకొనెను. 1916 మార్చి 25వ తేదీన అతడు మరణించెను. దహనమునకు ముందు స్నేహితులు అతని దేహముతో ఒక విల్లును, ఐదు బాణములను, ఓక్ కాయల పిండి నింపిన బుట్టను, కొన్ని గాజురాతి పెచ్చులను ఉంచిరి. అతడు చేసిన మఱికొన్ని బాణములు విశ్వవిద్యాలయమువారి యొద్ద భద్రముగా నుండెను.

పోప్ తాను చూచినదంతయు అచ్చు వేయించెను; 1923లో వేటను గూర్చి వ్రాసిన గ్రంథమున ఇషీ పనితనమునకు ప్రత్యేకముగా చోటిచ్చెను. తన బాణములకు మాత్రము అతడు నరము నమలక, ఈకలను జిగురుతో అతికించెడివాడు. మూడు ఈకలును ఒకే వైపు రెక్కవి కావలెనను నియమమును విడువలేదు.