చిన్నా పెద్దా ఒకే గదిలో: పసిపిల్లల పాఠశాల ప్రవేశం

కోల్‌కతా మహానగరపు నైరుతి భాగంలో, 1892లో ప్రారంభమైన ఖిదిర్‌పూర్ రేవుకు చేరువలో ఏక్‌బాల్‌పూర్ అనే పేట కలదు. ఉర్దూ, బెంగాలీ, హిందీ భాషలు అక్కడి సందులలో కలగలిసి వినిపిస్తాయి. ఆ పరిసరాలకు తెలుగు సైతం కొత్త కాదు. సమీపాన గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్నది. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేవరకు వాల్తేరు డివిజన్ ఆ రైల్వేలోనే అంతర్భాగంగా ఉండేది.

ఇటువంటి చోట పసిబిడ్డ అక్షరలోకంలో అడుగుపెట్టే తీరు గమనింపదగినది. నాలుగు సంవత్సరాల నాలుగు మాసాల నాలుగు దినాల ప్రాయంలో బిస్మిల్లా వేడుక జరపడం ముస్లిం కుటుంబాలలో ఒక ఆచారం. బెంగాలీలు సరస్వతీ పూజనాడు ‘హాతేఖొడి’ జరుపుతారు. తెలుగువారు పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డ వేలు పట్టి ఓనమాలు దిద్దిస్తారు. పేర్లు వేరైనా పద్ధతి ఒక్కటే: పెద్దలు ముందు నడుస్తారు, పిన్నలు అనుసరిస్తారు.

తల్లిదండ్రుల సందేహం

వేడుక ముగిసి బడిలో చేరిన తరువాత సందేహం మొదలవుతుంది. ఆరేండ్ల పసివాడు తొమ్మిదేండ్ల పిల్లల సరసన కూర్చుంటే వెనుకబడిపోడా? ఉపాధ్యాయుని దృష్టి వాడిపై నిలుస్తుందా? ఈ ప్రశ్నలు న్యాయమైనవే. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులను ఇద్దరే నడపవలసి వచ్చినప్పుడు భిన్న వయస్కులు ఒకే గదిలో కూర్చోక తప్పదు. కనుక ఆలోచించవలసినది ఆ కలయికను సక్రమంగా నిర్వహించే మార్గాన్ని గురించి.

వీధిబడి నేర్పిన పాఠం

మన వీధిబడులలో ఈ పద్ధతి చిరకాలంగా ఉన్నది. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో సమర్పించిన నివేదికలో ఆ జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు పేర్కొన్నాడు. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226; తక్కినవి మరాఠీ, పారశీకం, సంస్కృతం మొదలైన భాషలవి. ముందున్న విద్యార్థులు వెనుకనున్నవారికి చెప్పడం, ఆ చెప్పడంలో తమ జ్ఞానాన్ని దృఢపరచుకోవడం ఆయనను ఆకర్షించింది. 1789లో మద్రాసు అనాథ బాలుర ఆశ్రమ బాధ్యతలు స్వీకరించిన ఆండ్రూ బెల్ ఇటువంటి విధానాన్నే ఇంగ్లండులో ప్రచారం చేశాడు.

అయితే క్యాంప్‌బెల్ లోపాలను కూడా దాచలేదు. నేర్పే పుస్తకాలు, విషయాలు సరిగా లేకపోవడం, సమర్థులైన ఉపాధ్యాయులు కొరవడటం ప్రధాన లోపాలని ఆయన అభిప్రాయం. అంటే దోషం పిల్లల కలయికలో లేదు. దానిని నడిపే వ్యవస్థలో ఉన్నది.

ఆధునిక ప్రయోగాలు

1907లో రోమ్ నగరంలో శిశు గృహాన్ని స్థాపించిన మేరియా మాంటిస్సోరి 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చారు. మూడు నుంచి ఆరేండ్ల పిల్లలను ఒకే గదిలో ఉంచడం ఆమె విధానంలో ముఖ్యాంశం. మదనపల్లె సమీపాన రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం ఇదే సూత్రాన్ని పల్లెబడులకు అన్వయించింది. అక్కడ పాఠాలు చిన్న చిన్న కార్డులుగా, నిచ్చెన మెట్లవలె అమరి ఉంటాయి. ప్రతి బిడ్డా తన మెట్టు నుంచి ముందుకు సాగుతాడు. కొందరు ఉపాధ్యాయుని వద్ద, కొందరు తోటివారి సాయంతో, మరికొందరు స్వయంగా నేర్చుకుంటారు. కోల్‌కతాలోనే సియాల్దాలోని లోరెటో పాఠశాలలో, 2007లో పద్మశ్రీ పొందిన సిస్టర్ సిరిల్ చొరవతో, పెద్ద తరగతుల బాలికలు వీధి బాలలకు చదువు చెప్పారు.

వారధి వంటి తోటి విద్యార్థి

ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి అయిన పేటలలో ఈ కలయికకు మరింత విలువ కలదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు సౌకర్యాలు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. ఆ సౌకర్యం అందనిచోట రెండు భాషలూ ఎరిగిన ఎనిమిదేండ్ల బాలిక కొత్తగా చేరిన బిడ్డకు తొలి వారధి కాగలదు. దాహం వేస్తున్నదని చెప్పుకోలేక కంటతడి పెట్టే బిడ్డకు ఆమె మాటే ధైర్యం.

కాని ఆ బాలికను ఉపాధ్యాయురాలికి బదులుగా నిలపరాదు. ఆమె చదువు ఆమెకు దక్కాలి. సాయపడే బాధ్యతను పిల్లలందరికీ వంతులవారీగా అప్పగించాలి. ప్రతి దినం కొంత సమయం ఉపాధ్యాయుడు స్వయంగా పసివారితో గడపాలి. పలకలు, బొమ్మలు, కార్డులు వారి చేతికందే ఎత్తులో ఉంచాలి. చిన్నవాడు ఎవరివద్ద ఏమి నేర్చుకున్నాడో ఉపాధ్యాయునికి ఎప్పటికప్పుడు తెలియాలి.

2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేండ్ల వరకు గల వయస్సును ఒకే పునాది దశగా గుర్తించింది. ఆ పునాదిలో అక్షరాలతోపాటు తోటివాని భాషను ఆలకించడం, తనకన్న చిన్నవానికి చేయూతనివ్వడం కూడా చేరితే, బడి గదిలో అలవడిన ఆ గుణం పేట అంతటా పరిమళిస్తుంది.