సూపర్ అంటే సరిపోదు

‘‘ఎట్లుంది రా గేమ్?’’

‘‘సూపర్.’’

‘‘ఏం సూపర్?’’

‘‘సూపర్ అంతే!’’

కర్ణాటకలోని మన నాగలమడికలో సుబ్రహ్మణ్యస్వామి గుడి వీధిలో అడిగినా, బెంగుళూరులో మనవాళ్ళు నలుగురు కలిసుండే రూములో అడిగినా మాట ఇంతకు మించి ముందుకు పోదు. మనకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, కాలేజీలో ఇంగ్లీషు. ఇన్ని భాషలు వచ్చిన కుర్రాడు తనకు ఒక ఆట ఎందుకు నచ్చిందో ఏ భాషలోనూ చెప్పలేడు. ఇతన్నే రేపు ఇంటర్వ్యూలో ‘ఈ పని మీద నీ అభిప్రాయమేంటి’ అని అడిగితే నేల చూస్తాడు. పెళ్ళిచూపులయ్యాక ‘ఏమంటావ్’ అంటే ‘మీ ఇష్టం’ అంటాడు.

సొంత అభిప్రాయం సాధనతో వస్తుంది. దానికి వీడియో గేములు మంచి చోటు, ఎందుకంటే అక్కడ తప్పు చెప్పినా ఎవరి కొంపా మునగదు. టీవీకి తగిలించి క్యాసెట్లు మార్చుకుంటూ ఆడిన రోజుల నుంచి నేటి ప్లేస్టేషన్ దాకా రకరకాలవి ఆడినవాణ్ణి కాబట్టి నా అభిప్రాయాలు కొన్ని మీ ముందు పెడుతున్నాను. ఒప్పుకోవాలని లేదు. ఎలా చెప్పానో చూసి, తర్వాత మీవి చెప్పండి.

1. వేలు పెట్టి చూపించండి

సూపర్ మారియో బ్రదర్స్ (1985) గొప్ప ఆట అంటాను. ఎక్కడ గొప్ప? మొదటి తెరలోనే. అక్కడ ఒక్క సూచన కూడా రాసి ఉండదు. మారియో ఎడమవైపు నిలబడి ఉంటాడు, కుడివైపు ఖాళీ. కాబట్టి కుడికి నడుస్తాం. ఒక చిన్న శత్రువు ఎదురొస్తాడు. తగిలితే చస్తాం, ఎగిరితే బతుకుతాం. పైన ప్రశ్న గుర్తున్న పెట్టె మెరుస్తుంది. తలతో గుద్దితే నాణెం. నోరు విప్పకుండానే, దాన్ని తయారుచేసిన షిగెరు మియమొతో బృందం మనకు ఆట నేర్పేసింది.

సినిమా గురించైనా, కొత్త టీచరు గురించైనా ఇదే పద్ధతి. ‘బాగుంది’ అన్న వెంటనే ‘ఎందుకంటే’ అని మొదలుపెట్టి ఒక చోటు చూపించండి. చూపించడానికి చోటు దొరక్కపోతే ఆ మాట మీది కాకపోవచ్చు, ఏ రీలులోనో విన్నది అయ్యుంటుంది.

2. కష్టాన్నీ లోపాన్నీ కలిపేయకండి

డార్క్ సోల్స్ (2011) ఆడి ‘చెత్త గేమ్, చంపి పారేస్తుంది’ అన్నవాళ్ళు చాలామంది. నాకది న్యాయమైన ఆట. శత్రువు ఎప్పుడూ అదే చోట నిలబడి ఉంటాడు, కత్తి ఎత్తేముందు కదలిక కనిపిస్తుంది. చచ్చిన ప్రతిసారీ ఎందుకు చచ్చామో తెలుస్తుంది. తెలిసినప్పుడు మెరుగుపడే దారి ఉన్నట్టే.

ఇప్పుడు 1982 నాటి అటారీ ఆట ‘ఈ.టీ.’ని తీసుకోండి. క్రిస్మస్ అమ్మకాలకు అందించాలని హోవార్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామరుకు దాదాపు ఐదు వారాలే గడువిచ్చారు. ఆడినవాళ్ళ పెద్ద ఫిర్యాదు ఒకటే: ఎందుకు పడ్డామో తెలియకుండా గోతుల్లో పడటం, పైకొచ్చి మళ్ళీ పడటం. అమ్ముడుపోని క్యాసెట్లను 1983లో న్యూ మెక్సికో ఎడారిలో పూడ్చేశారు. 2014లో తవ్వితే బయటపడ్డాయి. డార్క్ సోల్స్ కష్టం ఆలోచించి పెట్టినది, ఈ.టీ. కష్టం తొందరలో వచ్చి పడినది.

గణితం కష్టమనీ, కొత్త ఉద్యోగం కష్టమనీ వదిలేసేముందు ఈ ప్రశ్న వేసుకోండి: ‘నేను ఓడిపోయినప్పుడు కారణం తెలుస్తోందా?’ తెలుస్తుంటే ఉండండి. ఎంత చూసినా తెలియకపోతే లోపం అవతల ఉండొచ్చు.

సాయం తీసుకోవడం చిన్నతనమనీ అనుకోకండి. 1986లో గ్రాడియస్ అనే ఆటను ఇంటి కన్సోల్‌కు మారుస్తున్న కజుహిసా హషిమొతోకు అది పరీక్షించడానికే కష్టమైంది. తన కోసం ఒక రహస్య బటన్ల వరుస పెట్టుకున్నారు. తర్వాత కాంట్రా అనే ఆటలో 30 ప్రాణాలిచ్చి ప్రపంచమంతా పిల్లల్ని గట్టెక్కించింది ఆ వరుసే. చేసినవాడికే సాయం కావాల్సి వచ్చింది!

3. మనవాళ్ళదైనా అదే తూకం

2009లో ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ వచ్చింది. చేసినవాళ్ళు హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్. ఆ కన్సోల్‌కు మన దేశంలో తయారైన తొలి ఆటగా పేరుంది. అమెరికాలో కొందరు హిందూ నాయకులు దేవుణ్ణి రిమోట్ బొమ్మ చేశారని అభ్యంతరం చెప్పారు. ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. దేవుణ్ణి ఆటలో పెట్టొచ్చా అన్నది ఒకటి. ఆట ఆడటానికి బాగుందా అన్నది రెండోది. వీధి నాటకాల్లో హనుమంతుడి వేషం చూస్తూ పెరిగినవాడిగా మొదటిదానికి నా జవాబు ‘పెట్టొచ్చు, మర్యాదగా’. రెండోదానికి జవాబు ‘లేదు’. కదలిక మొద్దుగా ఉంది, పోరాటంలో పస లేదు. మనవాళ్ళ తొలి అడుగని సంతోషిస్తూనే ఈ మాట చెప్పొచ్చు. రెండూ ఒక నోట్లో ఇముడుతాయి.

2020లో పుణెకు చెందిన నోడింగ్ హెడ్స్ గేమ్స్ ‘రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్’ తెచ్చింది. తమ్ముణ్ణి వెతుక్కుంటూ పోయే సర్కస్ పిల్ల కథ. రాజస్థాన్ కోటలను తలపించే ఆ కట్టడాల మధ్య నడుస్తుంటే ఆగి చూడబుద్ధేస్తుంది. పోరాటాలు మాత్రం కొంతసేపటికి ఒకేలా అనిపిస్తాయి, ముగింపు హఠాత్తుగా తెగిపోతుంది. కథ చెప్పే చోట నీడబొమ్మల పద్ధతి వాడారు. అక్కడ మన ప్రాంతంవాళ్ళకు చెప్పడానికి ఎక్కువే ఉంటుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరున్న ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది కూడా 2020లోనే. మన బొమ్మలు మనిషంత ఎత్తుంటాయి, దీపం వెలుగు వాటి రంగుల్లోంచి తెర మీద పడుతుంది. కథ మధ్యలో కేతిగాడు, బంగారక్క దూరి నవ్విస్తారు. ఆ కన్నుతో చూస్తే రాజీలో రంగు తగ్గింది, అల్లరి తగ్గింది. ఈ మాట పుణెవాళ్ళకు కూడా పనికొస్తుంది.

4. మీ నేల మీద నిలబడి మాట్లాడండి

స్టార్‌డ్యూ వ్యాలీ వ్యవసాయం ఆట. ఎరిక్ బరోన్ అనే అమెరికన్ నాలుగేళ్ళకు పైగా ఒంటరిగా కూర్చుని బొమ్మలు, సంగీతం, కథ అన్నీ తనే చేశాడు. 2016లో వచ్చింది, ఇప్పటికి 4 కోట్లకు పైగా అమ్ముడైంది. మనసుకు హాయి అని ప్రపంచమంతా మెచ్చుకుంది. నాకూ హాయిగానే ఉంది. కాకపోతే చెనిక్కాయ చేల మధ్య పెరిగినవాడికి ఆ హాయి ఎక్కడి నుంచి వస్తోందో ఇంకా బాగా తెలుస్తుంది.

ఆ ఆటలో టీవీ రేపు వాన అంటే రేపు వానే. వాన పడితే చేనంతా తడుస్తుంది. ఒక్కో రుతువు సరిగ్గా 28 రోజులు. పంట తెచ్చి పెట్టెలో వేస్తే మామూలు ధర తెల్లారేసరికి చేతికొస్తుంది, సంత పడిపోవడం లేదు. విత్తనాలకు అప్పు చేసి వడ్డీ కట్టే పని లేదు. కాకులొస్తే దిష్టిబొమ్మ చాలు. ఇక్కడ అడివిపందులు దిష్టిబొమ్మను చూసి పక్కకు తప్పుకుంటాయా?

వాన నమ్మలేకే కదా మా నాగలమడిక హోబళిలో తిరుమణి, వళ్ళూరు చుట్టుపక్కల రైతులు భూములు కౌలుకిచ్చారు. దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. 2018లో దాన్ని ప్రారంభించారు. ఎండ పండే ఊరివాడు స్టార్‌డ్యూ మీద రాస్తే ఎలా ఉంటుందో ఏ విదేశీ విమర్శకుడూ రాయలేడు. ఆ ఆట అమ్మేది వ్యవసాయాన్ని కాదు, నమ్మకమైన రేపటిని. ఇది నా అభిప్రాయం, మా నేల ఇచ్చింది.

‘పల్లెటూరివాణ్ణి, నాకేం తెలుసు’ అని వెనక కూర్చునేవాళ్ళకు ఈ భాగం రెండుసార్లు చదవమని చెప్తాను. మీకు తెలిసినదే మీ బలం. టైలరింగ్ తెలిస్తే ఆటలో దుస్తుల మీద మాట్లాడండి, లారీ తోలితే రేసు ఆటలో మలుపుల మీద.

5. నిడివినీ పేరునీ పక్కన పెట్టండి

జర్నీ (2012) రెండు గంటల్లో అయిపోతుంది. దారిలో ఎవరో తోడు కలుస్తారు. పేరు తెలియదు, మాట్లాడే వీల్లేదు, చిన్న ధ్వని చేసి పిలవడమే. ఆ రెండు గంటలు నేను ఆడిన ఎన్నో పొడుగు ఆటల కన్నా ఎక్కువ గుర్తున్నాయి. వైస్ సిటీ (2002)కి పేరు చాలా పెద్దది. కారులో రేడియో వింటూ సముద్రం పక్కన తిరగడం ఇప్పటికీ బాగుంటుంది. దారినపోయేవాళ్ళను కొట్టడమే సరదాగా మలిచిన తీరు నాకు నచ్చదు. పిల్లల ముందు పెట్టను.

6. ఎదుటివారి చేతుల్లోంచి చూడండి

సెలెస్ట్ (2018)లో ఒక అమ్మాయి కొండ ఎక్కుతుంది. ఆటలో వేగం తగ్గించుకునే, అలసట తీసేసుకునే ఏర్పాటుంది. ‘అది వాడితే ఆడినట్టేనా’ అని కొందరు ఎగతాళి చేస్తారు. అనంతపురం జిల్లా బుక్కాపురం మూలాలున్న సత్య నాదెళ్ళ నడిపే మైక్రోసాఫ్ట్ అదే 2018లో, చేతులు సరిగా ఆడనివారి కోసం పెద్ద బటన్లతో ప్రత్యేక కంట్రోలర్ తెచ్చింది. సులువు, కష్టం అనేవి అందరికీ ఒకటే కొలత కావు. ‘ఇది ఈజీ’ అనేముందు ‘నాకు’ అని చేర్చండి. ఆ ఒక్క మాటతో మీ అభిప్రాయం నిజాయితీగా మారుతుంది, పక్కవాడు నొచ్చుకోడు.

7. తీర్పు మార్చుకునే దారి ఉంచండి

1989లో వచ్చిన నింటెండో టెట్రిస్‌లో 29వ స్థాయే ఆఖరని చాలాకాలం నమ్మారు. ముక్కలు అంత వేగంగా పడతాయి. తర్వాత ఆటగాళ్ళు బటన్ నొక్కే కొత్త పద్ధతులు కనిపెట్టారు. 2023 డిసెంబరులో 13 ఏళ్ళ అమెరికా కుర్రాడు 157వ స్థాయి దాకా వెళ్తే ఆటే ఆగిపోయింది. ఏళ్ళ తరబడి నిలిచిన అభిప్రాయం కొత్త రుజువుతో మారింది. మీదీ మారొచ్చు. మారినప్పుడు కారణంతో సహా చెబితే మాట తప్పినవారు కారు.

8. ఆటకు హద్దు గీయండి

ఆట చదువునూ నిద్రనూ మింగేస్తుంటే అభిప్రాయం చెప్పడానికి మనిషే మిగలడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటల వ్యసనాన్ని జబ్బుల జాబితాలో చేర్చింది. అది 2022 నుంచి అమల్లో ఉంది. చేయి దాటిందనిపిస్తే బెంగుళూరు నిమ్హాన్స్‌లో దీనికోసమే క్లినిక్ ఉంది, సిగ్గుపడకుండా వెళ్ళండి. డబ్బు పందెం పెట్టించే ఫోను ఆటలు వేరే సంగతి, వాటి జోలికే పోకండి.

ఈ వారం చేయాల్సింది

మీరు ఆడిన రెండు ఆటలు ఎంచుకోండి. ఒకటి నచ్చినది, ఒకటి నచ్చనిది. ఒక్కోదానికి నాలుగు వాక్యాలు రాయండి. మొదటిది: నా తీర్పు ఇది. రెండోది: ఫలానా చోట, ఫలానా కారణంగా. మూడోది: దీనికి ఎదురు వాదన ఇది. నాలుగోది: ఇది తెలిస్తే నా తీర్పు మారుతుంది. తెలుగులో రాస్తారో, కన్నడలో రాస్తారో మీ ఇష్టం. రాశాక మీతో ఏకీభవించరని తెలిసిన ఒకరికి చదివి వినిపించండి. మధ్యలో అడ్డొస్తే ముందు వినండి, తర్వాత జవాబివ్వండి.

ఆ నాలుగు వాక్యాలు అలవాటయ్యాక ఆట స్థానంలో కాలేజీ కోర్సు పెట్టి రాయండి. తర్వాత పొలానికి కొనబోయే మోటారు, ఆ తర్వాత ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థి. రెండో వాక్యం రాయలేకపోయిన చోట సంతకం పెట్టకండి, డబ్బు కట్టకండి.