అనుభవజ్ఞుల నియామకం: మాంచెస్టరు నగరంలోని రెండు ఫుట్‌బాల్ కార్యాలయాలు

ఫుట్‌బాల్ అనగానే మన కన్నులకు కట్టేది మైదానం. పదకొండుగురు ఆటగాండ్రు, ఒక బంతి, గట్టున నిలబడి కేకలు వేసే శిక్షకుడు. పత్రికలు కూడా వారిని గురించే వ్రాస్తాయి. కాని వృత్తి ఫుట్‌బాల్‌లో ఆ పదకొండుగురిని ఎవరు ఎంపిక చేసినారు, ఎంత జీతానికి కుదిర్చినారు, ఆ శిక్షకుని ఎవరు పిలిపించినారు అని ప్రశ్నించుకుంటూ పోతే మనం మైదానం విడిచి ఒక కార్యాలయపు గుమ్మం వద్దకు చేరుకుంటాము. అక్కడ ముఖ్య కార్యనిర్వహణాధికారి ఉంటారు. ఆటకు సంబంధించిన దీర్ఘకాలిక నిర్ణయాలు చేసే ఫుట్‌బాల్ డైరెక్టరు ఉంటారు. ఒప్పందాలు వ్రాసేవారు, ఊరూరా తిరిగి కుర్రవాండ్రను కనిపెట్టేవారు, వైద్యులు, లెక్కలు చూసేవారు ఉంటారు. వీరెవరూ బంతిని తన్నరు. అయినా జట్టు జయాపజయాలలో వీరి వాటా తక్కువేమీ కాదు. ఈ కార్యాలయంలోకి పొరుగు క్లబ్బుల నుండి అనుభవజ్ఞులను తెచ్చుకొనడం ఇటీవలి పదిహేనేండ్లలో ఒక పెద్ద వ్యవహారమైపోయినది. అందులోని మంచిచెడ్డలను ఒకే ఊరిలోని రెండు క్లబ్బుల కథ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు ఇది పాఠంగా పనికివస్తుంది. క్రీడాభిమానులకు వేరే చెప్పనక్కరలేదు.

పూర్వం ఈ పని ఇంతగా విభజింపబడి ఉండేది కాదు. ఇంగ్లండులో చాలాకాలం మేనేజరే సర్వస్వం. శిక్షణ ఆయనదే, కొనుగోళ్ళు ఆయనవే. ఒక కార్యదర్శి కాగితాలు చూసుకునేవారు. మన హైదరాబాదు సంగతి మరీ విశేషం. సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు ఉపాధ్యాయులు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినారు. 1950 నుండి సిటీ పోలీసు జట్టుకు శిక్షకులు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయాలు రోవర్స్ కప్పు గెలిచినది. కార్యాలయమూ ఆయనే, మైదానమూ ఆయనే. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో భారత జట్టుకు స్వర్ణపతకం తెచ్చిపెట్టి, మరుసటి ఏడాదే కన్నుమూసినారు. ఆయన తరువాత మన ఫుట్‌బాల్‌కు ఏమి సంభవించినదో తెలిసినదే. ఒక్కని తలమీద ఇల్లంతా నిలిపితే, ఆ తల ఒరిగిన నాడు ఏమగునో ఆలోచింపవలసిన విషయం.

ఇక ప్రస్తుతానికి వద్దాము. 2003వ సంవత్సరంలో స్పెయిన్ దేశంలోని బార్సిలోనా క్లబ్బు అప్పులతోను, అపజయాలతోను కుంగి ఉన్నది. ఆ ఏడు ఎన్నికలలో గెలిచిన పాలకవర్గంలో ఫెరాన్ సోరియానో ఒకరు. ఆర్థిక వ్యవహారాలు ఆయన చేతికి వచ్చినవి. 2002-03లో సుమారు 12.3 కోట్ల యూరోలుగా ఉన్న క్లబ్బు ఆదాయం 2007-08 నాటికి 30.8 కోట్లకు పెరిగినది. అదే కాలంలో ఫుట్‌బాల్ డైరెక్టరుగా ఉన్నవారు చికి బెగిరిస్తాయిన్. ఈయన పూర్వం అదే క్లబ్బులో ఆటగాడు, 1992లో యూరోపియను కప్పు గెలిచిన జట్టులో సభ్యుడు. ఒకరికి లెక్క తెలుసు, మరొకరికి ఆట తెలుసు. ఇద్దరికీ ఒకరి భాష మరొకరికి అర్థమయ్యేది. నా దృష్టిలో ఈ మూడవ మాటే ముఖ్యం.

2008లో వారి ముందుకు వచ్చిన సమస్యను విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలెను. కొత్త శిక్షకుడు కావలెను. ఒకవైపు జోసె మౌరిన్యో. పోర్చుగల్‌లోను, ఇంగ్లండులోను గెలిచి, యూరోపియను విజేత అనిపించుకున్నవాడు. బార్సిలోనా ప్రతినిధులు లిస్బను వెళ్ళి ఆయనతో మాట్లాడినారు కూడా. రెండవవైపు పెప్ గార్డియోలా. అప్పటికి ఆయనకున్న శిక్షకానుభవం బార్సిలోనా రెండవ జట్టుతో ఒక్క సంవత్సరం, అదీ నాలుగవ శ్రేణి పోటీలలో. దరఖాస్తులు పరిశీలించే ఏ సంఘమైనా, అనుభవమనే గడిలో అంకెలు చూచి మౌరిన్యోనే పిలిచి ఉండేది. మనమైనా అంతే చేసి ఉందుము. బెగిరిస్తాయిన్ బృందం గార్డియోలాను ఎంచుకున్నది. మొదటి ఏడే ఆ జట్టు స్పెయిన్ లీగును, స్పెయిన్ కప్పును, ఛాంపియన్స్ లీగును గెలిచినది.

ఇక్కడ ఒక చమత్కారం ఉన్నది. అనుభవం గల అధికారి చేసిన గొప్ప పని అనుభవం లేనివానిని గుర్తించడం. తనకు ఆట స్వరూపం స్పష్టంగా తెలిసినవాడే ఆ ధైర్యం చేయగలడు. తెలియనివాడు పేరు పొందినవానిని తెచ్చుకుంటాడు. రేపు పని చెడితే, అంత పెద్దవానిని తెచ్చినాము గదా, ఇక మా తప్పేమి అని చెప్పుకొనడానికి వీలుంటుంది.

ఇంగ్లండులో మాంచెస్టరు సిటీ క్లబ్బును 2008 సెప్టెంబరులో అబూ ధాబీకి చెందిన షేక్ మన్సూర్ సంస్థ కొనుగోలు చేసినది. ధనానికి కొదువ లేదు. 2012 మే నెలలో లీగు కూడా గెలిచినారు. సాధారణంగా గెలిచిన ఇంటివారు మార్పులు తలపెట్టరు. వీరు తలపెట్టినారు. 2012 సెప్టెంబరులో సోరియానో ముఖ్య కార్యనిర్వహణాధికారిగా వచ్చినారు, అక్టోబరులో బెగిరిస్తాయిన్ వచ్చినారు. 2013 మే నెలలో, లీగు గెలిపించి ఏడాది తిరుగగానే, మేనేజరు రోబెర్తో మాన్చినీని తొలగించినారు. అభిమానులలో చాలామందికి ఆగ్రహం కలిగినది. ఆ ఆగ్రహంలో న్యాయం లేకపోలేదు. తరువాత వచ్చిన మాన్యుయెల్ పెల్లెగ్రిని 2014లో మరల లీగు గెలిపించినారు. ఈలోగా 2013లో న్యూయార్కులో కొత్త క్లబ్బు స్థాపన ప్రకటించినారు. 2014 ఆరంభంలో మెల్బోర్నులో ఒక క్లబ్బును కొన్నారు. అదే సంవత్సరం చివర మాంచెస్టరులో బాలుర శిక్షణకు పెద్ద ప్రాంగణం తెరచినారు. గార్డియోలా వచ్చినది 2016లో. అనగా ఇల్లు కట్టి, గదులు అమర్చి, నాలుగేండ్లకు అతిథిని పిలిచినారన్నమాట. 2023లో సిటీ మూడు పెద్ద కప్పులను ఒకే ఏట గెలిచినది.

ఇంతవరకు విని ఇదంతా అనుభవం మహిమే అని తలచరాదు. ధనం పాత్ర అపారం. 2023 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగు సంస్థ ఈ క్లబ్బుపై నూరుకు పైగా ఆరోపణలు మోపినది. అందులో ఎక్కువ భాగం ఆర్థిక నియమాలకు సంబంధించినవి. క్లబ్బు వానిని ఖండించినది. కాబట్టి సిటీ విజయాలను గురించి వ్రాసేవారు ఆ సంగతిని దాచి వ్రాయకూడదు. అయితే ధనమొక్కటే చాలునా అన్న ప్రశ్నకు సమాధానం అదే నగరంలో, నాలుగైదు మైళ్ళ దూరంలో ఉన్నది.

మాంచెస్టరు యునైటెడ్ క్లబ్బుకు ఇరువది ఆరేండ్లు మేనేజరుగా ఉన్న సర్ అలెక్స్ ఫెర్గూసన్ 2013 వేసవిలో విరమించినారు. అదే వేసవిలో పదేండ్ల ముఖ్యాధికారి డేవిడ్ గిల్ కూడా తప్పుకున్నారు. ఇంటి పెద్దలిద్దరు ఒకేనాడు గడప దాటినట్లయినది. గిల్ స్థానంలోకి వచ్చిన ఎడ్ వుడ్‌వర్డ్ పూర్వం బ్యాంకు ఉద్యోగి. క్లబ్బులో ప్రకటనల ఒప్పందాలు కుదిర్చి ఆదాయం పెంచిన సమర్థుడు. తెలివికి లోటు లేదు, కాని ఆటగాండ్ర బేరం ఆయనకు కొత్త. ఆ మొదటి వేసవిలో జరిగిన ఒక సంగతి చెప్పి తీరవలెను. ఎవర్టన్ ఆటగాడు మారువాన్ ఫెల్లైనీ ఒప్పందంలో ఒక షరతు ఉన్నది. జూలై నెలాఖరులోగా 2.35 కోట్ల పౌండ్లు చెల్లించేవారికి అతనిని విడిచిపెట్టవలెను. యునైటెడ్ వారు ఆ గడువు దాటనిచ్చి, సెప్టెంబరు 2న, బదిలీల చివరి రోజు రాత్రి, 2.75 కోట్లు చెల్లించి అదే ఆటగాని తెచ్చుకున్నారు. నెల రోజుల ఆలస్యానికి నలుబది లక్షల పౌండ్లు! మన ఊరి కూరగాయల సంతలో కూడా పొద్దు గ్రుంకిన కొద్దీ ధర తగ్గుతుందే గాని పెరగదు. ఆ తరువాత యునైటెడ్‌లో మేనేజర్లు మారినారు, కోట్లు ఖర్చయినవి, ఫుట్‌బాల్ డైరెక్టరు అనే పదవి మాత్రం 2021 వరకు లేనే లేదు.

2024 ఫిబ్రవరిలో జిమ్ రాట్‌క్లిఫ్ క్లబ్బులో నాలుగవ వంతుకు పైగా వాటా కొని ఆట వ్యవహారాల పెత్తనం స్వీకరించినారు. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత ఆయనకు తెలియదు గాని, చేసిన పని అదే. సిటీ నుండి ఒమర్ బెర్రాదాను ముఖ్యాధికారిగా తెచ్చినారు. న్యూకాసిల్ నుండి డాన్ ఆష్‌వర్త్‌ను కోరినారు. ఆష్‌వర్త్ సామాన్యుడు కాడు. వెస్ట్ బ్రామ్‌విచ్, ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం, బ్రైటన్, న్యూకాసిల్, అన్నిచోట్లా మంచి పేరు తెచ్చుకున్నవారు. న్యూకాసిల్ వారు ఆయనను సులభంగా వదలలేదు. నెలల తరబడి పని చేయనివ్వక ఇంట కూర్చోబెట్టినారు. చివరకు జూలై 1న ఆయన యునైటెడ్‌లో చేరినారు. డిసెంబరు 8న వెళ్ళిపోయినారు. వేచి ఉన్న కాలమెంతో, ఉద్యోగం చేసిన కాలమూ ఇంచుమించు అంతే.

ఎందుకిట్లు జరిగినది? ఆయన చేరిన మాసంలోనే మేనేజరు టెన్ హాగ్ ఒప్పందం పొడిగించినారు. అక్టోబరు చివర అదే మేనేజరును తొలగించినారు. ఇద్దరి నిష్క్రమణలకు అయిన ఖర్చు 1.45 కోట్ల పౌండ్లు. లోపల ఎవరి మాట చెల్లినదో బయటివారము చెప్పలేము గాని, ఒకటి కనిపిస్తున్నది. యజమాని, ముఖ్యాధికారి, ఫుట్‌బాల్ డైరెక్టరు, సాంకేతిక డైరెక్టరు, ఇంతమంది పెద్దలు ఒకే ఏడు ఒకే గదిలో చేరినారు. ఒకరితో ఒకరు పని చేసిన చరిత్ర స్వల్పం. బార్సిలోనా ఇద్దరు మాంచెస్టరుకు వచ్చినప్పుడు తమ మధ్యనున్న నమ్మకాన్ని కూడా మూటగట్టుకొని తెచ్చుకున్నారు. యునైటెడ్ వారు వ్యక్తులను కొన్నారు గాని ఆ నమ్మకం అంగడిలో దొరికేది కాదు. ఆ 2024-25 లీగులో యునైటెడ్ స్థానం పదిహేనవది. పెద్దల నియామకాలు జరుగుతున్న ఆ ఏడే పొదుపు పేరిట సుమారు 250 మంది చిన్న ఉద్యోగులను తొలగించినారన్న సంగతి కూడా ఇక్కడ వ్రాయకుండా ఉండలేను. తప్పుడు నిర్ణయం చేసినవానికి పరిహారం లభిస్తుంది, ఆ నిర్ణయంతో సంబంధం లేనివానికి ఉద్వాసన లభిస్తుంది.

మా కళాశాలలో ఉర్దూ, తెలుగు శాఖలు పక్కపక్కనే ఉండడం వల్ల ఒక లాభం కలిగినది. ఉర్దూలో ‘తజుర్బా’ అనే మాటకు అనుభవమనీ, ప్రయోగమనీ రెండర్థాలున్నవి. తెలుగులో అనుభవించడమంటే సుఖమూ కావచ్చు, కష్టమూ కావచ్చు. ఈ అర్థాలన్నీ కలిపి చూస్తే విషయం తేటపడుతుంది. అనుభవజ్ఞుని నియమించడం కూడా ఒక ప్రయోగమే. సోరియానో జీవితమే ఇందుకు నిదర్శనం. 2008లో బార్సిలోనా విడిచిన తరువాత ఆయన స్పానేర్ అనే విమానసంస్థకు అధ్యక్షులైనారు. 2012 జనవరిలో ఆ సంస్థ మూతపడినది. విమానాలు ఆగిపోయినవి, ప్రయాణికులు చిక్కుకుపోయినారు. ఇంధనపు ధర, ఆర్థిక మాంద్యం వంటి కారణాలు ఉన్నవనుకోండి. అయినా అదే మనిషి, అదే తెలివి. ఎనిమిది నెలలకే సిటీ వారు ఆయనను పిలిచినారు. వారు ఆయన చివరి ఉద్యోగాన్ని చూడలేదు, తమ పనికి సరిపోయే ఉద్యోగాన్ని చూచినారు. నియామక సంఘాలలో కూర్చుండే పెద్దలు నన్ను మన్నించవలెను, ఇట్లు చూడడం మన వద్ద అరుదు. నేను ఉద్యోగం కొరకు తిరిగిన రోజులలో ఒకచోట నా అనుభవాన్ని సంవత్సరాలలో అడిగి వ్రాసుకున్నారు గాని, ఏ పాఠం చెప్పినావని ఒక్కరూ అడుగలేదు.

అప్పగింతల విషయంలో కూడా సిటీ వారి పద్ధతి వేరు. 2024 అక్టోబరులోనే బెగిరిస్తాయిన్ తరువాత ఎవరో ప్రకటించినారు. లిస్బనులోని స్పోర్టింగు క్లబ్బు డైరెక్టరు హ్యూగో వియానా. ఈయన 2020లో అప్పటికి పేరులేని యువ శిక్షకుడు రూబెన్ అమోరిమ్ కొరకు కోటి యూరోలు చెల్లింపజేసి నవ్వులపాలైనవాడు. మరుసటి ఏడు స్పోర్టింగు పంతొమ్మిదేండ్ల తరువాత లీగు గెలిచినది. బెగిరిస్తాయిన్ తన పదవిని 2025 వేసవిలో గాని విడువలేదు. అంతవరకు దాదాపు ఎనిమిది నెలల వ్యవధి, ఒకరు విడుచుటకు, ఒకరు నేర్చుకొనుటకు.