సీసాలో రంగు నిలవదు



మనుమరాలా, నువ్వు కాలేజీ ల్యాబులో గీసిన సముద్రపు నత్త బొమ్మ అందింది. గీత బాగుంది. కానీ ఆ బూడిద రంగేంది బిడ్డా? స్పిరిట్ సీసాలో నానీ నానీ ఆ నత్త రంగంతా వెలిసిపోయింది, ఒళ్లు ముడుచుకుని ముద్దయింది. నువ్వు గీసింది ఆ ముద్దను.

రంగు పోకముందే గీయించిన దొర సంగతి చెబుతా. అమరావతి స్తూపం దగ్గర 1845లో తవ్వించిన వాల్టర్ ఇలియట్ పేరు చరిత్ర పాఠంలో విన్నావుగా. ఉత్తర సర్కార్ల కమిషనర్‌గా ఉన్న ఆ దొరకు నత్తల పిచ్చి కూడా ఉండేది. వాల్తేరు తీరంలో గుల్లలేని నత్తలను ఏరించి, ప్రాణంతో ఉండగానే రంగుల బొమ్మలు వేయించాడు. మన తీరం మొహం చూడని ఆల్డర్, హాన్‌కాక్ అనే ఇద్దరు ఇంగ్లండు పండితులు ఆ సేకరణను పరిశీలించి 1864లో అచ్చువేశారు. బొమ్మలే లేకుంటే వాళ్లకు రంగుల సంగతి ఏం తెలిసేది?

అప్పుడు పేరు పెట్టినవాటిలో ఒకటి కళింగ ఆర్నేటా. మన తీరం పేరే దానికి దక్కింది. ఒంటినిండా ఎర్రటి బుడిపెలు. తల మీద రెండు కొమ్ములు; వాసన పట్టేది వాటితోనే. మొప్పలు లోపల దాగి ఉండవు, వీపు మీద బంతిపువ్వులా విచ్చుకుంటాయి. బ్రిటిల్ స్టార్లనే సన్నచేతుల జీవులను తింటుంది. దీని చుట్టాల్లో కొన్ని స్పంజికలను తిని, వాటి విషాన్ని తమ ఒంట్లోనే దాచుకుంటాయి. అలాంటివాటి రంగే చేపలకు హెచ్చరిక.

మీ మహబూబాబాద్‌లో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. సెలవుల్లో పోదాం. పోటు తగ్గిన వేళ రుషికొండ రాళ్ల గుంతల్లో వెతుకుదాం. కళింగ ఇసుక అడుగున ఉండే జీవి, గుంతలో కనబడుతుందని ఆశ పెట్టుకోకు. దాని చుట్టాలు కనబడొచ్చు.

అందాకా చేయి తిప్పుకో. వాన పడ్డ రాత్రి టార్చి పట్టుకుని చిక్కుడు పందిరి కిందికి పో. అక్కడ పాకే గుల్లలేని నత్తకు మొప్పలుండవు, గాలే పీలుస్తుంది. కళ్లు ఏ కొమ్ముల కొసన ఉన్నాయో, ఊపిరి రంధ్రం ఎక్కడుందో చూసి గీయి. తమ్ముడు ఉప్పు చల్లుతానంటే చల్లనీయకు.

బొమ్మ పక్కన తేదీ, చోటు, వేళ రాయి. రంగు మాత్రం చూసినచోటే వేయి, ఇంటికొచ్చి గుర్తుచేసుకుని కాదు. విశాఖకు రంగుపెన్సిళ్లు తెచ్చుకో, సీసా వద్దు.