వచ్చింది వచ్చినట్టు పంపడం గురించి

చిట్యాల

చిరంజీవి మనుమనికి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

ఊళ్లో ఉన్నవారు, పట్నంలో స్థిరపడినవారు కలిసి నడుపుకొనే వాట్సాప్ గ్రూపుకు మనుమడు అడ్మిన్ అయ్యాడని, అంటే సభ్యులను చేర్చుకోవడానికి, తొలగించడానికి, అవసరమైతే ఇతరులు పెట్టిన సందేశాన్ని చెరిపివేయడానికి అధికారం గల నిర్వాహకుడు అయ్యాడని తెలిసింది గనుక, ఆ పనిలో ముందుగా ఎదురయ్యే చిక్కును గురించి ఈ లేఖ. ఆ చిక్కు వదంతి. మూలం ఎక్కడిదో తెలియకుండా, నిజానిజాలు తేలకుండా, ఒకరి నుంచి ఒకరికి చేరుతూ పోయే సమాచారం వదంతి. దానికి మరో పదిమందికి పంపి తీరాలన్న తాకీదు జతపడితే అది గొలుసు సందేశం.

గొలుసు సందేశం సెల్‌ఫోనుతో పుట్టింది కాదు. దేవుని మహిమను వర్ణించి, అదే ఉత్తరాన్ని ఇంతమందికి రాస్తే ధనలాభమని, చింపివేస్తే కీడని బెదిరించే పోస్టుకార్డులు ఒకప్పుడు తెలుగునాట ఊరూరా తిరిగేవి. ఇ-మెయిల్ వచ్చాక భక్తికి తోడు ఆశ, దేశాభిమానం, జాలి చేరాయి. తన మెయిల్‌ను ముందుకు పంపిన ప్రతివారికీ బిల్ గేట్స్ డబ్బు ఇస్తాడన్న అబద్ధం 1997లో బయలుదేరింది. భారత జాతీయ గీతం ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనదని యునెస్కో ప్రకటించిందన్న మెయిల్, ఆ సంస్థ అటువంటి ప్రకటన ఏదీ చేయకపోయినా, నేటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. జాలి మీద నడిచేవి మరీ మొండివి. 1989లో మెదడులో కణితితో బాధపడుతున్న ఒక బ్రిటన్ బాలుడు శుభాకాంక్షల కార్డుల్లో గిన్నిస్ రికార్డు సాధించాలని కోరుకోగా, మరుసటి ఏటికే కోటీ 60 లక్షలకు పైగా కార్డులు వచ్చి రికార్డు నెలకొంది, 1991లో శస్త్రచికిత్సతో బాలుడు కోలుకున్నాడు, ఇక చాలునని కుటుంబం వేడుకుంది. అయినా ఆ విజ్ఞప్తి మెయిళ్లలోకి ఎక్కి ఏళ్ల తరబడి తిరిగింది. ఒకప్పుడు అక్షరాలా నిజమైన మాట కూడా తేదీ లేకుండా తిరిగితే అబద్ధమవుతుంది. అర్జంటుగా రక్తం కావాలనీ, పాప తప్పిపోయిందనీ వచ్చే సందేశాలకు పట్టిన జబ్బు ఇదే: పాప ఇల్లు చేరిందన్న కబురును ఎవరూ అంత శ్రద్ధగా పంపరు.

ఇవి కాలాన్ని తినేవే గాని ప్రాణాన్ని తీసేవి కావు. 2018 వేసవిలో తెలంగాణ పల్లెల్లో తిరిగినవి ఆ కోవకు చెందినవి కావు. పిల్లలను ఎత్తుకుపోయి అవయవాలు అమ్ముకునే ముఠా దిగిందని, దాని పేరు పార్థీ గ్యాంగ్ అని ఫోన్లలో మారుమోగింది. పార్థీలు, అంటే పారధీలు, మధ్య, పశ్చిమ భారతంలో వేట మీద బతికిన ఒక తెగ. 1871 నాటి చట్టం కింద బ్రిటిష్ ప్రభుత్వం పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసిన సముదాయాల్లో వారూ ఉన్నారు. 1952లో ఆ ముద్రను చట్టం తొలగించింది గాని జనం నోటి నుంచి అది పోలేదు, వదంతి పుట్టించినవారికి సిద్ధంగా దొరికిన పేరు అదే.

అప్పట్లో దేశమంతా తిరిగిన ఒక వీడియోను దగ్గరగా చూడడం అవసరం. మోటారు సైకిల్ మీద వచ్చిన ఇద్దరు, వీధిలో ఆడుకుంటున్న పిల్లల దగ్గర బండి నెమ్మది చేసి, ఒక పసివాణ్ని ఎత్తుకుని పోతారు. అక్కడితో వీడియో ఆగుతుంది. అసలు వీడియో అక్కడితో ఆగదు. ఆ ఇద్దరూ వెనక్కి వచ్చి పిల్లవాణ్ని దించి, పిల్లలను అపహరించడం ఎంత సులువో చెప్పే బోర్డు పట్టుకుంటారు, ఎందుకంటే అది పాకిస్తాన్‌లోని కరాచీలో ఒక స్వచ్ఛంద సంస్థ తల్లిదండ్రుల హెచ్చరిక కోసం తీయించిన చిత్రం. ఆ చివరి కొద్ది క్షణాలను కత్తిరించడమే అబద్ధం చెప్పినవారు చేసిన పని అంతా. వారు కొత్తగా కల్పించిన దృశ్యం ఒక్కటీ లేదు. కళ్లారా చూశాక నమ్మకుండా ఎలా ఉంటామని అడిగేవారికి, చూసినది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియనంతవరకు కళ్లారా చూడడం సాక్ష్యం కాదన్నదే జవాబు.

ఆ ఏడాది మే నెలలో, చిట్యాల నుంచి భువనగిరి మీదుగా పోతే వచ్చే బీబీనగర్ మండలం జియాపల్లిలో ఒక మనిషిని దొంగ అనుకుని కొట్టి చంపారు. కొద్ది రోజులకే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, రంజాన్ మాసంలో భిక్షకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తి గుంపు చేతిలో ప్రాణం కోల్పోయింది. జూలై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లా ముర్కి గ్రామం దగ్గర హైదరాబాద్‌కు చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు గుంపు దాడిలో చనిపోయాడు; దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే అతని మిత్రబృందం చేసిన నేరం, పిల్లల దొంగలంటూ వారి వీడియో వారి కారుకన్నా ముందే ముర్కికి చేరింది. ఆ కేసులో అరెస్టయినవారిలో వాట్సాప్ గ్రూపు అడ్మిన్ కూడా ఒకడు ఉన్నాడన్నది మనుమడు గుర్తుంచుకోవలసిన విషయం.

గుంపు పట్టుకున్నది ఎప్పుడూ తెలియని ముఖాన్నే: బిచ్చగాణ్ని, మతి స్థిమితం లేనివాణ్ని, హిందీ మాట్లాడేవాణ్ని. వలస కూలీలకు పేరుపడిన పాలమూరు ఉన్న ఈ దక్షిణ తెలంగాణకు ఇది మరీ తగదు. ముంబై, పుణెలలో మట్టి పని చేసిన పాలమూరు మనిషి కూడా అక్కడి వాడకట్టుకు తెలియని ముఖమే కదా.

వదంతికి బలం ఎక్కడి నుంచి వస్తుందో గ్రహిస్తే అడ్మిన్ పని సగం తేలికవుతుంది. ముక్కూ ముఖం తెలియనివాడు పంపితే ఎవరూ నమ్మని మాటను, మేనమామ పంపితేనో, బడిపంతులు పంపితేనో ఊరు నమ్ముతుంది. అంటే సందేశంలో లేని నమ్మకాన్ని పంపిన మనిషి తన పరువులోంచి తీసి దానికి ఇస్తున్నాడు. తనకు వచ్చింది గనుక పంపానని, నిజమో కాదో తెలియదని తర్వాత అనడం చెల్లదు, ఎందుకంటే అప్పటికే ఆ పరువు ఖర్చయిపోయింది.

వదంతిని ఆపిన పద్ధతి కూడా ఈ సంగతినే రుజువు చేస్తుంది. 2018లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, తరువాత కాలంలో మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో కూడా అదే హోదాలో పని చేసిన అధికారి, పత్రికా ప్రకటనతో సరిపెట్టలేదు. ఎండాకాలంలో ఆరుబయట పడుకునే జనం చీకటి పడగానే తలుపులు బిగించుకుంటున్నారని ఊళ్లు తిరిగే కానిస్టేబుళ్లు ముందే గమనించి చెప్పారు. అప్పుడు ఆ కానిస్టేబుళ్లే ఊరి గ్రూపుల్లో చేరి, ఇంటింటికీ పోయి, డప్పు కొట్టి పాటలు కట్టి, వీడియో అబద్ధమని 400 వరకు గ్రామాల్లో చెప్పారు. ఇతర చోట్ల మనుషులు చనిపోతున్న ఆ రోజుల్లో ఆమె పరిధిలోని ఊళ్లలో ప్రాణనష్టం జరగలేదు. అబద్ధం తెలిసిన మనిషి ద్వారా వచ్చింది గనుక నిజాన్ని కూడా తెలిసిన మనిషితోనే పంపారు.

వాట్సాప్ సంస్థ అదే ఏడాది భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి 5 చాట్లకు మించి పంపే వీలు లేకుండా చేసింది. చాలాసార్లు చేతులు మారినదానికి రెండు బాణాల గుర్తు పెట్టి, 2020 ఏప్రిల్ నుంచి అటువంటిదాన్ని ఒక్కసారికి ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. ఆ రెండు బాణాలు కనిపిస్తే, పంపినవారికి కూడా మూలం తెలియదని అర్థం చేసుకోవచ్చు. ఇక పరీక్ష పెద్ద విద్యేమీ కాదు. ఏ ఊరు, ఏ తేదీ, ఏ పోలీస్ స్టేషన్ అన్నవి లేని హెచ్చరికను, పోలీసు శాఖలో పని చేసే బావమరిది చెప్పాడనే గొంతు సందేశాన్ని ఆపి, పంపినవారిని విడిగా ఫోన్లో అడగాలి. నేరం సంగతైతే స్టేషన్‌కు ఫోన్ చేయాలి. ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో పెట్టి పాతదా అని చూడాలి. హైదరాబాద్ నుంచి పని చేసే ఫ్యాక్ట్‌లీ వంటి నిజనిర్ధారణ సంస్థలు, అంటే ప్రచారంలో ఉన్న మాటను మూలందాకా వెతికి తేల్చేవి, తెలుగులోనే వివరాలిస్తున్నాయి.

చట్టం మాట కొంత. భయాందోళనలు కలిగించే అసత్య సమాచారాన్ని వ్యాప్తి చేయడం భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షన్ కింద నేరం. నిజమని నమ్మడానికి తగిన కారణం ఉండి, సదుద్దేశంతో పంపినవారికి అదే సెక్షన్ మినహాయింపు ఇస్తుంది గనుక, విచారించుకోవడం ఊరికే కాదు, తనకూ రక్షణే. కేవలం అడ్మిన్ అయినంత మాత్రాన సభ్యుల సందేశానికి అతడు నేరస్థుడు కాడని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. ఊరు మాత్రం అంత సూక్ష్మంగా చూడదు.

తప్పుడు సందేశాన్ని చెరిపివేసి ఊరుకోవడం చాలదు, అప్పటికే చూసినవారి మనసులో అది చెరగదు. అదే గ్రూపులో, పంపినవారి పేరు ఎత్తకుండా, ఏది తప్పో, ఎలా తేలిందో చెప్పాలి. ఊళ్లో చదువు రాని పెద్దలు గొంతు సందేశాలనే వింటారు గనుక, ఆ సవరణను రాతలో గాక నల్లగొండ యాసలో, అర నిమిషానికి మించకుండా, మనుమడు తన గొంతుతోనే పెట్టడం మంచిది. ముందు తన పేరు, ఇంటి పేరు చెప్పి మొదలుపెట్టాలి.

ఇట్లు
తాతయ్య